మంచి శుక్రవారం నాడు తీసిన తలుపు

మొన్న జార్జియాలో, కమ్మింగ్‌లోని మా అమ్మాయి ఇంట్లో ఆవకాయ కోసం ఆవాలు మిక్సీలో వేశాను. మూత తీయగానే ఆ ఘాటు నేరుగా నడినెత్తికి ఎక్కింది. కళ్లు ధారలు కట్టాయి. "మమ్మీ, ఫ్యాన్ ఆన్ చెయ్యలేదా?" అంటూ మా అమ్మాయి పరిగెత్తుకొచ్చి కిటికీ తెరిచింది. నేను కళ్లు తుడుచుకోకుండా అలాగే నిలబడ్డాను. ఆ ఘాటు నన్ను ఎప్పుడూ ఆవకాయ దగ్గర ఆగనివ్వదు. ఎనభైల నాటి న్యూజెర్సీలో ఒక వంటింటికి లాక్కుపోతుంది. అక్కడ నేను ఒక దుంప తురుముతూ ఉంటాను, మిసెస్ ఆడ్లర్ చేతులు కట్టుకుని నా పక్కన నిలబడి ఉంటుంది. ఆవిడను ఎరిగినవాళ్లు ఇప్పుడు పెద్దగా మిగల్లేదు. ఎరగనివాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

డెబ్భైల చివర్లో పిస్కాటవే దగ్గర ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో చేరాను. ఆ ల్యాబ్‌కి ఆవిడే పెద్ద. పొట్టి మనిషి, నెరిసిన జుట్టు, నవ్వు తక్కువ. మొదటి రోజు నా పేరు చూసి, "ఎస్తేర్? నువ్వు యూదురాలివా?" అని అడిగింది. నాకు నవ్వొచ్చింది. మాది గోదావరి పక్కన క్రైస్తవ కుటుంబం. నాన్న అబ్రహాము, పాస్టరు. అన్నలు సమూయేలు, దానియేలు. మేనత్త రూతమ్మ. నేను చెప్పుకుపోతుంటే ఆవిడ కళ్లజోడు తీసి బల్లమీద పెట్టింది. పోలండ్‌లో వాళ్ల అమ్మమ్మ ఊళ్లో కూడా ఇంటింటా ఇవే పేర్లట. ఇవి అంత దూరం ఎలా వచ్చాయని అడిగింది. "యేసు ప్రభువు తెచ్చాడు," అన్నాను తడుముకోకుండా. నాకు నోరు ఎక్కువని మా అమ్మ ఊరికే అనేది కాదు. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని, బీకర్లు ఎక్కడుంటాయో చూపించింది.

ఆవిడ దగ్గర పని నేర్చుకోవడమంటే చీవాట్లు తినడమే. "మందు పాడైపోయింది," అని నేను అంటే, "నువ్వు ఏం చూశావు?" అనేది. రంగు మారిందంటే, "అంతవరకే చెప్పు. పాడైందన్నది నువ్వు అనుకున్నది. చూసింది ముందు చెప్పు, అనుకున్నది తర్వాత," అనేది. మొదట్లో ఒళ్లు మండిపోయేది. రెండేళ్లు తిరిగేసరికి ఇంట్లో నేను కూడా అలాగే మాట్లాడటం మొదలుపెట్టాను. పాలు విరిగాయన్నా మా ఆయనను విడిచిపెట్టేదాన్ని కాదు. పాపం, ఆయన విసిగిపోయాడు.

ఒక మధ్యాహ్నం భోజనాల దగ్గర ఉండబట్టలేక, మీరు యేసును ఏమనుకుంటారని అడిగేశాను. చిన్నప్పటి నుంచి నేను విన్న ప్రసంగాల్లో యూదులు రెండే రకాలు. ఆయన్ను తోసిపుచ్చినవాళ్లు, చివరికి ఒప్పుకోబోయేవాళ్లు. ఈవిడ ఏ రకమో తేల్చుకుందామనుకున్నాను. ఆవిడ శాండ్‌విచ్ పొట్లం నింపాదిగా విప్పింది. "మేం ఆయన గురించి అంతగా అనుకోం, ఎస్తేర్," అంది.

తిట్టినా నేను అంత ఉలిక్కిపడేదాన్ని కాదు. నేను ఊపిరిలా పీల్చుకునే పేరు ఈవిడ ప్రార్థనల్లో ఎక్కడా లేదు, లేని లోటు కూడా లేదు. తర్వాత ఆవిడే నెమ్మదిగా చెప్పింది. ఆయన యూదుడిగా పుట్టాడు, యూదుడిగానే చనిపోయాడు. వాళ్లమ్మ కూడా తమలాగే శుక్రవారం సూర్యుడు గుంకే వేళకు విశ్రాంతి దినం కోసం దీపాలు వెలిగించి ఉంటుంది. ఆ కాలంలో ఉన్న ఎందరో బోధకుల్లో ఆయనొకడు. కానీ దేవుడు ఒక్కడే, ఆయన మనిషి కాడు, ఏ మనిషీ ఆయన కాలేడు. ఒకరి పాపం ఇంకొకరు మోయలేరు, చేసినవాడే దేవుడి వైపు తిరగాలి. దేవుడు పంపుతానని మాటిచ్చిన రాజు, మెస్సీయ వచ్చిన రోజున యుద్ధాలు ఆగిపోతాయి. "ఆగలేదు. అది నేను చూసింది," అంది. యేసు మళ్లీ వస్తాడని, ఆ రెండో రాకడ గురించి నేను ఆవేశంగా చెప్పాను. ఆవిడ చివరిదాకా విని, లంచ్ టైమ్ అయిపోయిందని లేచింది.

ఎనభైల మధ్యలో ఆవిడకి గుండె జబ్బు బయటపడింది. ఆపరేషన్ తప్పదన్నారు. ఐగుప్తు బానిసత్వం నుంచి విడుదలైనందుకు యూదులు చేసుకునే పస్కా పండుగ వారం దాటాక దానికి రోజు పెట్టారు. ఆ ఏడాది యేసును సిలువ వేసిన మా మంచి శుక్రవారం, వాళ్ల పస్కా మొదటి రాత్రి ఒకే రోజు వచ్చాయి. ఆవిడ భర్త ఏనాడో పోయాడు, పిల్లల్లేరు. ఆ రాత్రి భోజనానికి చెల్లెల్నీ మరిదినీ పిలిచి, నన్నూ రమ్మంది. మధ్యాహ్నం మా తెలుగు చర్చిలో సిలువ మీద ఆయన పలికిన ఏడు మాటల ధ్యానం అయ్యాక, పార్కింగ్ దగ్గర సరోజమ్మ ఆంటీ నా చెయ్యి పట్టుకుంది. "అమ్మా ఎస్తేరు, ఆవిడకి హార్ట్ ఆపరేషన్ అంటున్నావు కదా. ఇవాళే సువార్త చెప్పెయ్యి. తర్వాత టైమ్ ఉంటుందో లేదో," అంది. ఆంటీ తొయ్యబట్టి నేను వెళ్లానంటే అబద్ధం. భయం నాదే. ఆ మనిషంటే నాకు ప్రాణం. నాకు నేర్పిన ప్రకారం, ఆవిడ యేసును నమ్మకుండా ఆ ఆపరేషన్ బల్ల మీద కన్ను మూస్తే నేను ఇంకెప్పటికీ, ఏ లోకంలోనూ ఆవిడను చూడలేను. డ్రైవ్ చేస్తున్నంతసేపూ అదే తలుచుకుని ఏడ్చాను.

తలుపు తీసిన ఆవిడ గడపలోనే ఆగిపోయింది. నా తెల్లచీర, ఎర్రబడిన కళ్లు, చేతిలో నల్ల అట్ట బైబిలు చూసింది. చర్చి నుంచి నేరుగా వచ్చావా అని అడిగి, అవునంటే కాసేపటికి పక్కకి జరిగింది. వంటింట్లో ఒక మట్టిరంగు దుంప చేతికిచ్చి, చీకటి పడేలోగా తురిమెయ్యమంది. అది బానిసత్వపు చేదుకి గుర్తుగా పస్కా భోజనంలో వాళ్లు తినే చేదుకూర. ఘాటు మన ఆవపిండికి అక్కలా ఉంది. ఇక ఏడుపు దాచుకునే పని లేకపోయింది.

నేను తురుముతుంటే ఆవిడ చెప్పింది. పోలండ్‌లోని వాళ్ల ఊళ్లో ఏటా మంచి శుక్రవారం నాడు చర్చి వదిలే వేళకు యూదులందరూ తలుపులు బిగించుకునేవారట. యేసును చంపింది మీరేనని జనం రాళ్లు పట్టుకుని వచ్చేవారట. "మా అమ్మమ్మ ఆ పేరు ఇంట్లో పలకనిచ్చేది కాదు. అది కోపం కాదు ఎస్తేర్, భయం," అంది. తాను చిన్నతనంలోనే అమెరికా వచ్చేసింది. ఆ ఊళ్లో ఉండిపోయినవాళ్లు ఏమయ్యారో ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు.

ఇక ఆ మాట ఎలా ఎత్తాలో తెలియలేదు. అయినా ఎత్తాను. "మీరు యేసుని నమ్మకుండా పోతే ఎలాగని నాకు భయంగా ఉంది," అన్నాను.

ఆవిడ చేతులు కడుక్కుని నా ఎదురుగా కూర్చుంది. "ప్రేమతోనే అడుగుతున్నావు. అది నాకు తెలుసు. కానీ నమ్మను. బతికినా అంతే, పోయినా అంతే." తువ్వాలుతో చేతులు తుడుచుకుంది. "ఇన్నేళ్లలో నీ గురించి నేనెప్పుడైనా భయపడ్డానా? న్యాయంగా బతికిన అన్యజనులకు కూడా రాబోయే లోకంలో చోటుందని మా పెద్దలు చెప్పారు. వాళ్లు యూదులు కానక్కర్లేదు. నిన్ను నేను ఎప్పుడో అక్కడ కూర్చోబెట్టేశాను."

అన్యజనులు. మా చర్చిలో ఆ మాట మేం క్రైస్తవులు కానివాళ్లకి వాడతాం. ఆ సాయంత్రం ఆ వంటింట్లో అన్యజనురాలిని నేనే. నేను రక్షిద్దామని బయలుదేరిన మనిషి ఏనాడో నాకు చోటు చూసి పెట్టింది.

ఆవిడ ఇంకొకటి కూడా చెప్పింది. యేసు గురించి వాళ్ల పెద్దలు కొందరు కటువుగానే రాశారట. కానీ పూర్వం ఒక గొప్ప పండితుడు, ఆ మనిషి మెస్సీయ కాకపోయినా, ఆయన వల్ల తమ ధర్మశాస్త్రం మాటలు దూర ద్వీపాల దాకా చేరాయని, అది కూడా దేవుడి ఏర్పాటేనని అన్నాడట. "చదివినప్పుడు నాకు నమ్మకం కలగలేదు. నువ్వు మొదటి రోజు అబ్రహాము, సమూయేలు, రూతు అని చెప్పుకుపోయావు చూడు, అప్పుడు కలిగింది."

చీకటి పడింది. చెల్లెలూ మరిదీ వచ్చారు. పులియని రొట్టె, చేదుకూర, ద్రాక్షారసం. మా నాన్న ప్రసంగాల్లో విన్నవన్నీ బల్ల మీద ఉన్నాయి. నా ప్రభువు చివరి రాత్రి కూర్చున్నది ఇలాంటి బల్ల దగ్గరే. ఆయనను నమ్మని ఇంట్లో ఆయనకు ఇంత దగ్గరగా కూర్చుంటానని నేనెన్నడూ అనుకోలేదు. భోజనాలయ్యాక ఎవరూ తాగని ఒక గిన్నె నింపి పెట్టారు. అది ఏలీయా ప్రవక్తకి. మెస్సీయ కంటే ముందు ఆయన వస్తాడట, ఆయన కోసం ఆ రాత్రి వీధి తలుపు తీస్తారట.

"మీ ఊళ్లో కూడా తీసేవారా?" అని అడిగాను.

"తీసేవాళ్లం. రెండు పండుగలూ దగ్గర దగ్గరగా వస్తాయి కాబట్టి, ఏడాది మొత్తంలో తీయకూడని రాత్రి అదేనని అందరికీ తెలుసు. అయినా తీసేవాళ్లం. అప్పటికి చెల్లెలు పుట్టలేదు, ఇంట్లో చిన్నదాన్ని కాబట్టి నేనే వెళ్లేదాన్ని. బయట ఎవరుంటారోనని భయపడుతూనే గొళ్లెం తీసేదాన్ని." నా వైపు తిరిగింది. "ఇవాళ నువ్వు తియ్యి, ఎస్తేర్."

ఆవిడ చెల్లెలు చటుక్కున తలెత్తి నా తెల్లచీర వంక చూసింది. నేను లేచి వెళ్లి గొళ్లెం తీశాను. చల్లగాలి లోపలికొచ్చింది. వీధిలో ఎవరూ లేరు. నా వెనక వాళ్లు ముగ్గురూ నిలబడి, బాధల్లో తమను కాపాడిన దేవుణ్ణి స్తుతిస్తూ పాడుతున్నారు. ఏ చర్చిలోనూ నేను అంత భయభక్తులతో నిలబడలేదు.

ఆపరేషన్ బాగానే జరిగింది. వేసవికల్లా ఆవిడ ల్యాబ్‌కి తిరిగొచ్చి, కడగని ఫ్లాస్క్ చూపించి నన్ను చీవాట్లు పెట్టింది. ఆ దశకం చివర్లో పోయింది. ఆవిడను సమాధి చేసి వచ్చాక ఆదివారం సరోజమ్మ ఆంటీ మెల్లిగా అడిగింది, అప్పుడు చెప్పావా, ఏమంది అని. "నాకు చోటు ఉంచానంది ఆంటీ," అన్నాను. ఆంటీ చాలాసేపు నా చెయ్యి వదల్లేదు.

నేను ఇప్పటికీ యేసును నమ్ముతాను. ప్రతి మంచి శుక్రవారం తెల్లచీర కట్టుకుని ఏడు మాటలూ విని, ఏడ్చి వస్తాను. సాయంత్రం మాత్రం వీధి తలుపు బార్లా తీసి కాసేపు నిలబడతాను. ఎవరొస్తున్నారు మమ్మీ అని మా అమ్మాయి అడుగుతుంది. ఆవిడ నేర్పిన పద్ధతిలోనే చెబుతాను, చూసింది ముందు. అందరికంటే ఎక్కువ భయపడే రాత్రి లేచి తలుపు తీసిన ఒక చిన్నపిల్ల, పెద్దదయ్యాక ఆ తలుపు తీసే పని నన్ను నమ్మి అప్పగించడం చూశాను. ఇక అనుకున్నది. ఆవిడ వెళ్లి పరలోకపు తలుపు తట్టినప్పుడు, లేచి వచ్చి తీసింది నా ప్రభువే.