ఒక పన్ను ముందుకు

2023 ఎండాకాలం. మెదక్‌లోని మా మెకానిక్ షెడ్డుకు ప్రభుదాసు తన పాత పెట్రోల్ కారు తెచ్చాడు. భార్య మేరీని డయాలసిస్ కోసం హైదరాబాద్ తీసుకెళ్లడానికి అతనికి ఉన్నది ఆ బండి ఒక్కటే. క్రితం వారం నర్సాపూర్ అడవిలో చడావు, అంటే ఎత్తు రోడ్డు, ఎక్కలేక ఇంజన్ వేడెక్కి ఆగిపోయింది. పాపం, ఆమె ఎండలో రోడ్డు పక్కన రాయి మీద కూర్చుంది. మళ్లీ మర్నాడు పొద్దున్నే ప్రయాణం.

“అన్నా, కామ్ ఒక పన్ను ముందుకు ఎయ్యుండ్రి. పికప్ పెరుగుతదట, ఫోన్ల చూసిన.”

కామ్‌షాఫ్ట్ అంటే ఇంజన్‌లో వాల్వులు తెరిచే ఇరుసు. దాన్ని పళ్ల బెల్టు తిప్పుతుంది. వాల్వులు కాస్త ముందుగా తెరుచుకుంటే కింది గేర్లలో లాగుడు పెరిగే మాట నిజమే. కానీ ఫోన్ చూసొచ్చి నాకు పని చెప్పేవాళ్లంటే ఒళ్లు మంట.

“లెక్క తప్పితే పిస్టన్ వచ్చి వాల్వుకు గుద్దుతది. ఇంజన్ ఖతం. రేపు చెల్లెను దేంట్ల తీస్కపోతవ్?”

“గిట్లనే ఉంచితే మాత్రం? మళ్ల తొవ్వల కూసోబెట్టాల్నా?”

బెల్టు కవరు విప్పాను. ఇదివరకటి మెకానిక్ ఎవరో బెల్టు ఎక్కించడానికి ఆనవాలుగా తెల్ల పెయింట్‌తో చుక్కలు పెట్టుకున్నాడు. మేమందరం చేసే పనే. చుక్కలు ఎదురెదురుగా ఉన్నాయి, టైమింగ్ సరిగ్గానే ఉన్నట్టు. ఎందుకో మనసొప్పక బెల్టు తిరిగే పళ్ల చక్రాన్ని, పుల్లీని, పెట్రోల్ గుడ్డతో తుడిచాను. జిడ్డు కింద కంపెనీ అసలు గుర్తుగా కొట్టిన గుంట కనబడింది, పెయింట్‌కు ఒక పన్ను ఎడంగా. గుంట నిజమైతే, బండి ఇన్నాళ్లూ ఒక పన్ను వెనకబడి నడిచినట్టే. పుల్లీ వేరే బండి నుంచి తెచ్చి వేసిందైతే మాత్రం ఆ గుంట అబద్ధం, దాన్ని నమ్మితే ఇంజన్ మునిగినట్టే.

గుంట ప్రకారం బెల్టు ఎక్కించాను. ప్లగ్గులు తీసి, పానాతో ఇంజన్‌ను చేత్తో తిప్పసాగాను. సగంలో పానా బిగిసింది.

“సెల్ఫ్ కొట్టనా అన్నా?”

“తాళంచెవి ముట్టకు.”

వాల్వు స్ప్రింగ్ బిగువైతే మెల్లగా లొంగుతుంది. పిస్టన్ తగిలితే లొంగదు. రవ్వంత బలం పెంచాను. పానా మెత్తగా కదిలింది. పూర్తిగా రెండు చుట్లు తిప్పాకే ఊపిరి పీల్చుకున్నాను.

మర్నాడు నేనూ వాళ్లతో వెళ్లాను. వెనక సీట్లో మేరీ కళ్లు గట్టిగా మూసుకుని ప్రార్థన చేసుకుంటోంది. అడవి దాటాక మెల్లగా అడిగింది.

“చడావు ఇంకెంత దూరమున్నదన్నా?”

“ఎప్పుడో ఎక్కినమమ్మా,” అన్నాను. ప్రభుదాసు మోచేత్తో కళ్లు తుడుచుకున్నాడు.

పాత బండికి బలం పెంచమని ఎవరొచ్చినా, ఉన్న బలం ఎక్కడ పోయిందో ముందు వెతుకుతాను. పెయింట్ చుక్క కనబడితే మొదట గుడ్డ అందుకుంటాను.