తెల్లగా వదిలిన చెరువు

ఆ మధ్యాహ్నం అక్క చేసిన చివరి పని బూట్లు కడగడం. మోకాళ్లదాకా వచ్చే రబ్బరు బూట్లు. ఏ నీళ్లలో దిగి వచ్చినా వాటిని ఉప్పునీళ్లలో నానబెట్టి, బాల్కనీ కమ్మీకి తలకిందులుగా తగిలించందే అన్నం ముట్టేది కాదు. ఒక చెరువు బురదని ఇంకో చెరువుకి మోసుకెళ్లకూడదని ఆమె పట్టుదల. బకెట్లో ఒక్క బూటే పడుతోందని విసుక్కుంది.

"ఆ నీలం తొట్టి ఉంటే రెండూ ఒకేసారి మునిగేవి. పడవాయన్ని అడగడానికి మొహం చెల్లట్లేదే" అంది.

తడి చేతులు తుడుచుకుని, కాసేపు నడుం వాలుస్తానని లోపలికి వెళ్లింది. టీ పెట్టి పిలిస్తే పలకలేదు. గుండె ఆగిపోయిందన్నాడు డాక్టరు.

చేపల మీద పరిశోధన చేసే ఆఫీసులో అక్కది పై అంతస్తులో మూల గది. ఎవరి అద్దాల తొట్టిలోంచో తప్పించుకున్న ఒక పరాయి చేప నదిలో పడి పెరిగింది. ఉండేది వేలెడంత. చొరబడిన చోటల్లా మన పరిగె చేపల గుడ్లు తినేసి, చూస్తుండగానే వాటి వంశం లేకుండా చేస్తుంది. అది తరవాత ఏ నీళ్లలోకి వెళ్తుందో ముందే చెప్పడం అక్క ఉద్యోగం. నీటి వేడి, లోతు, వరద వేగం, అడ్డొచ్చే గట్ల ఎత్తు అన్నీ లెక్కవేసేది. చేపలకి జాతకాలు రాస్తోందని తోటివాళ్లు ఏడిపించేవారు.

"జాతకమైతే తప్పినా గ్రహాల మీదకి తోసెయ్యొచ్చు. ఇది తప్పితే నా నెత్తికే చుట్టుకుంటుంది" అనేది.

గదిలో గోడంతా పటం. చేప చేరబోయే నీళ్లకి ఎర్ర పెన్సిల్ రంగు. ఒక్క కొండ మీది చెరువుని మాత్రం తెల్లగా వదిలేసింది. దాని కింద నిటారుగా పడే జలపాతాన్ని ఆ చేప ఎక్కలేదు. నీళ్లు దాన్ని తీసుకురాలేవు కాబట్టి అక్కడ మనుషుల చేతులకే భయపడాలనేది. అందుకే చెరువు మీద బతికే వలలవాళ్లని హెచ్చరించడానికి వెళ్లింది.

ఫొటోలు చూపిస్తే అందరికీ అది పరిగెలాగే కనబడిందట. రెక్క అంచున ఉండే ఎర్ర గీత ఒక్కటే తేడా, చేప చచ్చిందంటే అదీ వెలిసిపోతుంది. అందుకని రెండోసారి మా స్నానాల గదిలోని నీలం తొట్టిలో బతికున్న పరాయి చేపలు రెండు వేసి, తడి గోనె కప్పి, జీపులో పట్టుకెళ్లింది. వలలవాళ్లలో పెద్దవాడైన పడవాయనకి అప్పజెప్పి, అందరికీ చూపించాక చంపి ఉప్పేసి పాతిపెట్టమంది. చేప పిల్లకి ఈత నేర్పడానికి వచ్చావా తల్లీ అని ఆయన నవ్వాడట. కొన్నాళ్లకి ఫోన్ చేసి, అందరూ చూశారని, పాతిపెట్టేశానని చెప్పాడు. అక్క ఆ రోజు ఇంట్లో ఈల వేస్తూ తిరిగింది.

ఆమె మాట మీదే ఆఫీసు తన దగ్గరున్న, చేపలకి అడ్డం కట్టే కొద్దిపాటి జాలీలనీ మనుషుల్నీ వేరే చెరువులకి పంపింది. మరుసటి వేసవిలో మళ్లీ పడవాయన దగ్గర్నుంచే ఫోన్. ఎర్ర గీత చేపలు వలకి తట్టెలకొద్దీ పడుతున్నాయి.

తెల్లగా వదిలిన చోటే కొంప ముంచావని పెద్దసారు నలుగురిలో అన్నాడు. పటం గోడ మీంచి దింపారు. అక్కని కిందికి, సామాను గదికి మార్చారు. కొండ మీద రెండేళ్లలో పరిగె మాయమైంది, పడవలు ఒడ్డున బోర్లా పడ్డాయి, వలలవాళ్లు తలో కూలిపనికీ పోయారు. అక్క వానాకాలమంతా సెలవు పెట్టి మరీ జలపాతం కింద తిరిగింది. వరదకి పక్కదారి ఏదైనా తెగిందా అని రాళ్లు పట్టుకుని పాకింది. ఎర చేపలు అమ్మే కొట్లవాళ్లని అడిగింది. కొంగల కాళ్లకి గుడ్లు అంటుకొస్తాయేమోనని చదివింది. పైకెక్కి చెరువువాళ్లకి మొహం చూపించే ధైర్యం మాత్రం రాలేదు.

"నీళ్లు నాకు తెలీని దారేదో పెట్టుకున్నాయే. నా లెక్కే తప్పు" అంది ఒకరోజు, అన్నం కలుపుతూ. ఆ తరవాత దాని ఊసెత్తలేదు.

ఆమె పోయిన నెలకి పడవాయన మా గుమ్మంలో నిలబడ్డాడు. చంకలో నీలం తొట్టి. లోపలికి రమ్మన్నా రాలేదు. తొట్టి గుమ్మం పక్కన దింపాడు.

"పాతిపెట్టలేదమ్మా. అందరూ చూడకముందే కనపడకుండా పోయినయ్. అమ్మాయి తిడుతుందని ఫోన్లో అబద్ధం చెప్పా. కొంగ తినుంటుందనే అనుకున్నా, ఒట్టు. తరవాత చెరువు పాడయ్యాక ఇక నోరు రాలేదు."

తొట్టి మీద మూత లేదా అని అడిగాను. గోనె ఉండేదని, గాలికి ఎగిరిపోయిందని అన్నాడు. ఆ రాత్రి వాన పడిందట. తెల్లారి చూస్తే తొట్టి అంచుదాకా నిండి, నీళ్లు ఇంకా పొర్లుతూనే ఉన్నాయట.

తొట్టి ఎక్కడ పెట్టావు అన్నాను.

"పడవ కట్టే గుంజ పక్కన," అన్నాడు, "చెరువు అంచునే."