రామచందర్ రాసిన రెండు అర్జీలు

ఈ సంగతి వేరేవాళ్లు చెప్తే రామచందర్‌కు నచ్చదు. తన తప్పును వాళ్లు తగ్గించి చెప్తారని ఆయన ఫిర్యాదు. అబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషన్ వైపు పోయే ఒక సందులో ముప్పై నాలుగేళ్లుగా కళ్లద్దాల దుకాణం నడుపుతున్నాడు. బేరం లేని మధ్యాహ్నం ఎవరు దొరికినా కూర్చోబెట్టి, చాయ్ తెప్పించి, తన బుద్ధి ఎంత వంకర తిరిగిందో తనే విడమరిచి చెప్తాడు.

ఆయనకు మొదటినుంచీ తన చేతిరాత అంటే గర్వం. ఆ చేతిరాతతో రాసే అర్జీలంటే ఇంకా గర్వం. వీధి దీపం వెలగకపోయినా, మ్యాన్‌హోల్ మూత పగిలినా కార్పొరేషన్‌కు అర్జీ పెట్టేవాడు. 'తమరి దివ్య సముఖమునకు విన్నవించుకొనునది ఏమనగా' అని ఎత్తుకుంటే రెండో పేజీలో గానీ మ్యాన్‌హోల్ కనపడేది కాదు. అలాంటివి పదకొండు రాశాడు. వాటిలో పని జరిగినవి రెండే. ఆ రెండింట్లో ఒకటి ఆయన రాయకముందే మంజూరై ఉందని తర్వాత తెలిసింది. అయినా ఖాతాలో వేసుకున్నాడు.

దుకాణానికి ఎదురుగా ఫుట్‌పాత్ మీద సమ్మక్క పిన్నీసులు, జడ క్లిప్పులు, రిబ్బన్లు అమ్ముతుంది. జనగామ వైపు నుంచి బతకడానికి వచ్చి పదిహేనేళ్లయింది. పోయిన ఏడాది ఎండాకాలం ఆమె చలిజ్వరంతో వణుకుతూ సామాను మీదనే ఒరిగిపోయింది. ఆ సమయానికి టిఫిన్ డబ్బా తెచ్చిన రామచందర్ భార్య నళిని ఆమెను ఆటోలో ఎక్కించుకుని దవాఖానకు పోయింది. సాయంత్రం తిరిగి వచ్చి మొగుడి ఎదురుగా నిలబడింది.

"మూత్రంల ఇన్‌ఫెక్షనట. పొద్దుగాల ఇల్లు వదిలిన సంది మళ్లీ ఇంటికి పోయేదాక ఆమె నీళ్లు తాగదట. తాగితే బాత్రూంకు స్టేషన్ దాక నడవాలె. సామాను ఎవరు చూస్తరు?"

"అయ్యో" అన్నాడు రామచందర్.

"అయ్యో ఏందండీ? గీ సందుల షాపులల్ల ముప్పై మంది ఆడోళ్లు పని చేస్తున్నరు. అందరిదీ గదే కథ. పదకొండు అర్జీలు రాసిన్రు. మీకు దీపాలే కనబడ్డయా?"

ఇతరుల చూపు సరిచేయడమే వృత్తిగా ఉన్న మనిషికి ఈ మాట గట్టిగానే తగిలింది. ఆ వారమే పన్నెండో అర్జీ రాశాడు. ఈ సందులో ఆడవాళ్లకు మరుగుదొడ్డి కావాలి అన్నది విషయం. 'మహిళల కష్టమును కళ్లారా చూచియుండియు మౌనము వహించుట మానవత్వమనిపించుకొనదు' అనే వాక్యం రాసినప్పుడు ఆయనకే కళ్లు చెమర్చాయి. నూట నలభై మంది సంతకాలు చేశారు. సమ్మక్క ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ పెద్ద పెద్దగా తన పేరు రాసింది.

ఆ డివిజన్ కార్పొరేటరమ్మ దాన్ని కౌన్సిల్ సమావేశంలో పెట్టించింది. ఎనిమిది నెలల తర్వాత అంశం ఆమోదం పొందింది. పెద్ద చర్చ జరుగుతుందనీ, తన వాక్యాన్ని ఎవరో ఒకరు చదివి వినిపిస్తారనీ రామచందర్ ఊహించుకున్నాడు. అంశం నంబరు చదివారట, అభ్యంతరం ఎవరికైనా ఉందా అన్నారట, లేదన్నారట, అంతే. అయినా ఆయన సందంతా దూద్ పేడాలు పంచాడు. ఎదురుగా వచ్చిన వాళ్లందరికీ, అడగకపోయినా, "ఆఁ, మన అర్జీనే" అని చెప్పాడు.

తర్వాతి నెలలో వంశీధర్ అనే కుర్ర ఇంజనీరు టేపు పట్టుకుని వచ్చాడు. సందు ఆ చివర నుంచి ఈ చివరకు రెండుసార్లు కొలిచి, సున్నంతో ముగ్గు వేసినట్టు నాలుగు గీతలు గీశాడు. నాలుగో గీత రామచందర్ దుకాణం పక్క గోడకు ఆరడుగుల దూరంలో ఆగింది.

రామచందర్ గల్లా వదిలి బయటికొచ్చాడు. "ఏంది సార్, గిక్కడనా?"

"ఔ సార్. నీళ్ల లైను, డ్రైనేజీ, కరెంటు మూడూ అందేది గిక్కడొక్కటే. వార్డు మీటింగుల ఒక్కసారి చదివి సైటు ఫైనల్ చేస్తరు. మీరే గదా అర్జీ పెట్టింది? మంచి పని చేసిన్రు."

ఆ రోజు రామచందర్ అన్నం సరిగ్గా తినలేదు. ఆడవాళ్లకు సౌకర్యం ఉండాలి, తప్పకుండా ఉండాలి. కానీ కొత్త ఫ్రేము పెట్టుకుని అద్దంలో ముఖం చూసుకునే మనిషికి పక్కనుంచి వాసన వస్తే ఏం కొంటాడు? మానవత్వం ఆరడుగుల దూరంలోనే ఎందుకుండాలి? అరవై అడుగుల దూరంలో ఉంటే మానవత్వం కాకుండా పోతుందా? ఇలా ఆలోచించుకుంటూ పదమూడో అర్జీకి కాగితం తీశాడు.

అది ఆయన జీవితంలో రాసిన అర్జీలన్నింట్లోకీ పకడ్బందీ అయినది. ట్రాఫిక్కుకు అంతరాయం అన్నాడు. పాదచారుల భద్రత అన్నాడు. అన్నిటికీ మించి, పక్కనున్న గోడ నిజాం కాలపు వారసత్వ నిర్మాణమనీ, దానికి హాని కలుగుతుందనీ రాశాడు. ఆ గోడను తొంభై ఎనిమిదిలో సిమెంటు తెప్పించి, మేస్త్రీని పెట్టి కట్టించింది ఆయనే. తన పేరు మొదట ఉంటే బాగుండదని పక్కనున్న బెల్టుల షాపు యజమాని పేరు మొదట పెట్టించాడు. తన సంతకం చివర్న, గుర్తుపట్టలేనంత చిన్నగా గీకాడు.

ఆడవాళ్ల సంతకం ఒక్కటన్నా ఉంటే అర్జీకి బలమనిపించింది. రోడ్డు దాటి సమ్మక్క దగ్గరికి పోయాడు.

"ఏం కాయిదం సేటూ?"

"గా బాత్రూం గురించే. జాగ జర మార్చమని."

"ఏడికి?"

రామచందర్ దాని గురించి ఆలోచించలేదు. "జర దూరం" అన్నాడు.

సమ్మక్క ఇంకేమీ అడగలేదు. కలం తీసుకుంది. "నువ్వు రాసినవంటే మా మంచికే రాస్తవు" అని, అవే పెద్ద పెద్ద అక్షరాలతో పేరు రాసిచ్చింది. ఈ చోటికి వచ్చేసరికి రామచందర్ ఇప్పటికీ చాయ్ గ్లాసు కింద పెట్టేస్తాడు. "అప్పుడన్నా సిగ్గు రావాలె గదా. రాలేదు. సంతకం అందంగ వచ్చిందని సంబరపడ్డ" అంటాడు.

వార్డు మీటింగు కమ్యూనిటీ హాల్లో జరిగింది. అరవై, డెబ్బై మంది వచ్చారు. నళిని సమ్మక్కను వెంటబెట్టుకుని వచ్చి ముందు వరసలో కూర్చుంది. రెండో అర్జీ సంగతి ఆమెకు తెలియదు. వంశీధర్ లేచి సైటు వివరాలు చెప్పి, దీని మీద ఒక అభ్యంతరం వచ్చిందంటూ కాగితం తీశాడు. 'తమరి దివ్య సముఖమునకు' అని చదవగానే వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ సందులో అలా రాసే మనిషి ఒక్కడే. నిజాం కాలపు గోడ దగ్గరికి వచ్చేసరికి హాలంతా నవ్వింది. ఆ గోడ కట్టిన మేస్త్రీ కూడా అక్కడే ఉన్నాడు.

కార్పొరేటరమ్మ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసింది. "రాత ఒక్కటే ఉంది. రెండూ మీరే రాసిన్రా రామచందర్ గారూ?"

తన చేతిరాతను ఎవరో దొంగిలించారని చెబుదామా అని ఒక్క క్షణం అనిపించిందట ఆయనకు. నోరు కూడా తెరిచాడు. అంతలో సమ్మక్క లేచి నిలబడింది.

"నాకు తెల్వక అడుగుతున్న మేడం. నేను రెండిట్ల దస్కతు పెట్టిన. మరి నాకు బాత్రూం అయితదా, కాదా?"

ఎవరూ నవ్వలేదు. నళిని మెల్లగా తల తిప్పి మొగుడి వైపు చూసింది.

రామచందర్ లేచాడు. మాటలు దివ్య సముఖం భాషలో రాలేదు. "రెండూ నేనే రాసిన. మొదటిది ఆమె కోసం రాసిన. రెండోది నా షాపు కోసం రాసిన. గోడ నిజాంది కాదు, నాది. రెండోది చింపేయండి" అని కూర్చున్నాడు. బెల్టుల షాపాయన లేచి, తన సంతకం కూడా చింపినట్టే రాసుకోమన్నాడు.

సైటు ఖాయమైంది. దారిలో నళిని ఆయనతో మాట్లాడలేదు. ఇంటికి వెళ్లాక మాత్రం "నిజాం గోడట" అని పడీపడీ నవ్వింది. ఆ నవ్వుకు ఆయన ప్రాణం కొంత కుదుటపడింది. మర్నాడు పొద్దున షట్టరు తీయకముందే సమ్మక్క దగ్గరికి పోయి, తప్పయిందని చెప్పాడు. "పోనీ సేటూ. ఇంకోసారి దస్కతు అడిగినప్పుడు సదివి ఇనిపియ్యి" అందామె.

నాలుగు నెలల్లో కట్టడం పూర్తయింది. రిబ్బను కత్తిరించారు, ఫొటోలు దిగారు, తాళం వేశారు. తాళంచెవి ఎవరి దగ్గరుండాలో తేలక మూడు వారాలు అలాగే ఉంది. రామచందర్ ఇంకో అర్జీ రాశాడు. 'కట్టిన్రు. తాళం వేసిన్రు. తీయండి' అని మూడే మూడు ముక్కలు. సమ్మక్కకు చదివి వినిపించి, సంతకం తీసుకుని పంపాడు. నాలుగో రోజు తాళం తీశారు. తన జీవితంలో అంత తొందరగా పని చేసిన అర్జీ ఇదేననీ, ఇన్నేళ్లు రెండేసి పేజీల కాగితం ఎంత దండగ చేశానో అనీ ఆయన వాపోతాడు.

ఆయన భయపడినంత నష్టమేమీ జరగలేదు. రోజూ రెండుసార్లు కడుగుతారు కాబట్టి వాసన లేదు. షాపుకు కొత్త గుర్తింపు మాత్రం వచ్చింది. ఫోన్లో దారి అడిగేవాళ్లకు "లేడీస్ బాత్రూం పక్కన" అని ఆయనే చెప్పుకోవాలి.

మరుగుదొడ్డి చూసుకోవడానికి విజయ అనే ఆమెను పెట్టారు. నెల తిరక్కుండానే ఆమె దుకాణం మెట్ల దగ్గరికి వచ్చి, చెప్పాలా వద్దా అన్నట్టు నిలబడింది.

"సార్, ఒక కంప్లైంటు రాసియ్యాలె. మీ రాత మంచిగుంటదట గదా."

"దేని మీద అమ్మా?"

"మీ షాపు మీదనే సార్. అద్దాలు అరగదీసే మిషను దినమంత గిర్రుమంటది. తలకాయ పగిలిపోతుంది."

రామచందర్ కాగితం తీసుకుని, కలం మూత విప్పి, రాసిచ్చాడు.