డాక్టర్ గారి ఆల్చిప్పల లెక్క

మొన్న ఆదివారం ఏషియన్ స్టోర్ నుంచి తామర దుంపలు తెచ్చాను. సింక్‌లో కడుగుతూ ఒకదాన్ని మధ్యకు విరిచేసరికి, దాని బెజ్జాల్లోంచి నల్లటి బురద జారి నా వేళ్ళ మీద పడింది. కుళ్ళిన ఆకులు, తుప్పు, చేప, ఎండకు కాగిన నీళ్ళు అన్నీ కలిసిన వాసన వంటింట్లో కమ్ముకుంది. మా అమ్మాయి ముక్కు మూసుకుని, "మమ్మీ, బ్యాడ్ స్మెల్ వస్తుంది!" అంటూ పైకి పరిగెత్తింది. నేను మాత్రం కుళాయి కట్టేసి అలాగే నిలబడిపోయాను. ఎటు చూసినా కిటికీలు లేని డేటా సెంటర్లే కనిపించే ఈ వర్జీనియా ఆష్‌బర్న్‌లో ఆ వాసన నాకు తగిలి చాలా ఏళ్ళయింది. అది మిసిసిపీ నది అడుగు వాసన. ఆ అడుగును చేత్తో తడిమి చూడడం నాకు నేర్పినావిడ పేరు డాక్టర్ వసుంధర గారు.

పెళ్ళికి ముందు నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. పెళ్ళయి అమెరికా వచ్చాక ఉద్యోగం చేసే అనుమతి లేని డిపెండెంట్ వీసా మీద ఉండిపోయాను. మా ఆయన శ్రీకాంత్‌కి అయోవా రాష్ట్రంలో, మిసిసిపీ ఒడ్డున ఉన్న ఒక చిన్న ఊళ్ళో కాంట్రాక్ట్ పని దొరికింది. అక్కడ మాకు తెలిసిన తెలుగువాళ్ళు లేరు. పొద్దున్నే తను ఆఫీస్‌కి వెళ్ళిపోతే, సాయంత్రం దాకా నాకు తోడు వాషింగ్ మెషీన్ చప్పుడే. వేసవి మొదలవుతుండగా ఊరి లైబ్రరీలో ఒక కాగితం అంటించి ఉండడం చూశాను. నది పనికి వలంటీర్లు కావాలట, అనుభవం అక్కర్లేదట. శ్రీకాంత్‌తో చెబితే, "జీతం లేని పనికి వీసా ఎవరడుగుతరు? పో. ఇంట్ల గోడలు చూసుకుంట ఎన్ని రోజులు కూసుంటవ్?" అన్నాడు.

మొదటి రోజు రేవు దగ్గరికి వెళ్ళేసరికి పదిమంది దాకా ఉన్నారు. అందరూ తెల్లవాళ్ళే, ఒక్కావిడ తప్ప. గడ్డి టోపీ, మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, వంగిన వీపు. అందరినీ ఇంగ్లీషులో అదిలిస్తోంది. నేను కాస్త దూరం జరిగి, హనుమకొండలో ఉన్న మా అమ్మతో ఫోన్‌లో చెబుతున్నాను. "ఈడ ఒక ముసలామె ఉన్నదమ్మా, అందర్ని కసురుతున్నది. చూస్తే మనోళ్ళ లెక్కనే కొడ్తున్నది గని..."

ఆవిడ పడవ తాడు ముడి వేస్తూ, తల ఎత్తకుండానే అంది: "మనవాళ్ళే. తెనాలి. ఆ ఫోన్ పెట్టేసి గ్లౌజులు తొడుక్కో."

సిగ్గుతో చచ్చిపోయాను. క్షమించమని చెప్పబోయి "ఆంటీ" అన్నాను. "ఆంటీ ఏమిటి? డాక్టర్ గారూ అను. లేకపోతే వీళ్ళలాగా డాక్ అను. ఆంటీ అంటే మాత్రం నీళ్ళలోకి తోస్తా" అంది. ఆ బెదిరింపు ఉత్తదేనని నాకు వారం దాకా తెలియలేదు.

అప్పటికి ఆవిడకి డెబ్బై ఆరేళ్ళు. పంతొమ్మిది వందల డెబ్బైల్లో, ఇంకెవరూ రావడానికి ఇష్టపడని ఆ ఊరి ఆసుపత్రికి మత్తు డాక్టరుగా వచ్చి, అక్కడే రిటైరయ్యింది. భర్త పోయాడు, పిల్లలు లేరు. "ఈ ఊళ్ళో సగం మందిని నేనే నిద్రపుచ్చాను. మిగతా సగం సిటీ కౌన్సిల్ మీటింగుల్లో వాళ్ళంతట వాళ్ళే నిద్రపోతారు" అనేది. ఆవిడ తెలుగు యాభై ఏళ్ళ కిందట ఎక్కడ ఆగిందో అక్కడే ఉంది. మోటారు బోటుని ఇంజను పడవ అనేది, ర్యాంప్‌ని రేవు అనేది. నేను "అట్లనా" అంటే, "ఏదీ, మళ్ళీ అను" అని ముచ్చటపడేది.

నాకు ఈత రాదు. నీళ్ళు మోకాలు దాటితే గుండె దడదడలాడేది. ఆ సంగతి ఆవిడతో చెప్పలేదు, అయినా కనిపెట్టేసింది. రెండో రోజు నాకు లైఫ్ జాకెట్ తొడిగి, పట్టీలు తనే బిగించి, ఒడ్డు పక్కన నీళ్ళలోకి దింపింది. "కాలు ఎత్తకు. జరుపు. ఎత్తి వేస్తే ఎక్కడ పడుతుందో నీకు తెలియదు. జరుపుతూ పోతే ముందర రాయి ఉందో గొయ్యి ఉందో కాలే చెబుతుంది." నా ముంజేతిని పట్టుకుని తనూ నడిచింది. ఆ వయసులో ఆవిడ పట్టు ఎంత గట్టిగా ఉండేదో! నడుం లోతుకి వచ్చాక చెయ్యి వదిలేసి, "ఊఁ, ఇప్పుడు నువ్వే ఒడ్డుకి రా" అని వెళ్ళిపోయింది. వెనక్కి చూడలేదు. నాకు ఒళ్ళు మండింది కానీ, ఒడ్డుకి మాత్రం వచ్చాను.

జూన్ అంతా నదిలోంచి చెత్త తీశాం. టైర్లు, కుర్చీలు, ఒకసారి తలుపుతో సహా ఒక ఫ్రిజ్. మధ్యాహ్నం పని అయిపోయాక మిగతావాళ్ళు ఇళ్ళకి పోతే, ఆవిడ నన్ను పడవలో దీవుల మధ్యకు తీసుకుపోయేది. సరుకు మోసే బార్జీల వరుసను తోసుకుంటూ ఒక పడవ పోతుంటే, అది దాటాక వచ్చే అలలకి మన పడవను ఎటు తిప్పి నిలపాలో చూపించేది. తెల్ల పెలికాన్ పక్షులు గుంపుగా లేచినప్పుడు ఇంజను ఆపేసి, అవి కనుమరుగయ్యేదాకా మాట్లాడేది కాదు. ఒక ఇసుక దిబ్బ మీద గుండ్రటి చిల్లులున్న ఆల్చిప్పలు కుప్పలుగా దొరికాయి. ఒకప్పుడు ఆ ఒడ్డునే చొక్కా గుండీల ఫ్యాక్టరీలు ఉండేవట. నదిలోని ఆల్చిప్పల్ని టన్నులకొద్దీ తీసి, ఒక్కో చిప్పలోంచి నాలుగైదు గుండీలు కోసి, మిగతాది పారేసేవారట.

బతికున్న ఆల్చిప్పను మొదటిసారి నా అరచేతిలో పెట్టింది కూడా ఆవిడే. నల్లగా, బరువుగా, రాయిలా ఉంది. దాని వీపు మీద గీతలు చూపించి, "ఏడాదికో గీత. ఇది నాకంటే ముందొచ్చింది ఈ ఊరికి" అంది. తర్వాత దాన్ని తీసిన చోటే, తీసినట్టే నిలబెట్టి ఇసుకలో పెట్టింది. బోర్లా పడేస్తే కొన్ని మళ్ళీ లేవలేవట. ఆ రేవు పక్కనే అలాంటివాటి గుంపు ఒకటి ఉందని ఎన్నో ఏళ్ళ కిందట ఒట్టి కాళ్ళతో తొక్కి కనిపెట్టింది ఆవిడే. ప్రతి వేసవీ వెళ్ళి చూసుకునేది.

ఆ గుంపుకే ఆ ఏడాది ఆపద వచ్చింది. పాత రేవును వెడల్పు చేసి, చక్రాల కుర్చీలో ఉన్నవాళ్ళు కూడా నీటి దాకా వెళ్ళేలా ఒక ప్లాట్‌ఫాం కట్టాలని ఊళ్ళో కొందరు పట్టుబట్టారు. వాళ్ళకి ముందు నిలబడ్డది డేల్ అనే రిటైర్డ్ వెల్డర్. ఆయన భార్య చక్రాల కుర్చీలోనే ఉండేది, చేపలు పట్టడమంటే ఆమెకు ప్రాణం. కోరిక న్యాయమైనదే. అయితే కట్టాలనుకున్నది సరిగ్గా ఆల్చిప్పల మీద. రాష్ట్రం తరఫున ఒక జీవశాస్త్రవేత్త వచ్చి, అడుగున గుర్తు పెట్టిన చోట్లలో వలంటీర్లు లెక్క తీయాలని, ఆల్చిప్పలు దట్టంగా ఉన్నాయని తేలితే అక్కడ కట్టడానికి వీల్లేదని చెప్పాడు. వేరే అనువైన చోటు లేదు. అంటే మా లెక్కతోనే తేలిపోతుంది.

పని ఇలా ఉండేది. ఇనుప గొట్టాలతో చేసిన చదరపు ఫ్రేమ్‌ని నీటి అడుగున పెట్టి, అందులోని ఇసుకనంతా చేత్తో కెలికి, తగిలిన ప్రాణమున్న ఆల్చిప్పల్ని లెక్కపెట్టి, మళ్ళీ ఇసుకలో గుచ్చి, సంఖ్య కేకేయాలి. డాక్టర్ గారు పడవలో కూర్చుని రాసుకునేది. మూడో రోజు మధ్యాహ్నం నా వంతుకి చివరి ఫ్రేమ్ మిగిలింది. నీళ్ళు ఛాతీ దాకా వచ్చాయి. అడుగు అందాలంటే తల ముంచాలి. ముంచబోయి ఆగిపోయాను. ఒడ్డు వైపు ఫ్రేముల్లో ఏడు, ఎనిమిది వచ్చాయి. ఇక్కడా అంతే ఉంటాయి కదా అనుకున్నాను. ఎక్కువ వస్తే ఆవిడకి మేలే కదా అని కూడా అనుకున్నాను. కాసేపు వంగి నిలబడి, "ఎనిమిది!" అని కేకేశాను.

ఆవిడ పెన్ను కదలలేదు.

"నీళ్ళు కలకబారలేదే" అంది.

"ఏంటండీ?"

"ఇసుక కెలికితే నీకు దిగువన నీళ్ళు కాఫీ రంగులోకి మారాలి. ఇందాకటి నుంచీ ప్రతిసారీ మారాయి. ఇప్పుడు మారలేదు."

ఆవిడ పుస్తకం మూసి, బూట్లు విప్పి, పడవ అంచు పట్టుకుని నీళ్ళలోకి దిగింది. నా లైఫ్ జాకెట్ వెనక పట్టీని పిడికిట్లో బిగించి, "నేను పట్టుకున్నాను. మునుగు" అంది. మునిగాను. చెవుల్లో హోరు, కళ్ళ ముందు చీకటి. వేళ్ళతో ఇసుకంతా తడిమి, ఊపిరి అందక లేచి, మళ్ళీ మునిగాను. మూడుసార్లు మునిగాక చెప్పాను.

"రెండు."

"రెండు" అని ఆవిడ కూడా అని, పడవెక్కి రాసుకుంది. గొంతులో కోపం లేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

ఆ సాయంత్రం ఆవిడ ట్రక్కు వెనక తలుపు దించుకుని దాని మీద కూర్చున్నాం. డబ్బాలోంచి పెరుగన్నం, నిమ్మకాయ ఊరగాయ తీసి నాకు సగం పెట్టింది. నాకు ముద్ద దిగలేదు. "మీకు సాయం అవుతుందనుకున్నా డాక్టర్ గారూ" అన్నాను.

నది వైపు చూస్తూ ఆవిడ చెప్పింది. "కొత్తగా ప్రాక్టీసులో చేరిన రోజులు. ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ ఐదు నిమిషాలకోసారి బీపీ చూసి చార్టులో రాయాలి. ఒకసారి చూడలేదు. ముందు నూట ఇరవై ఉంది కదా, ఇప్పుడూ అంతే ఉంటుందని రాసేశాను. ఆ ఐదు నిమిషాల్లోనే అతనికి బీపీ పడిపోయింది. చార్టు చూసిన సర్జన్ అంతా బాగానే ఉందనుకున్నాడు."

"తర్వాత?"

"బతికాడు. అది అతని అదృష్టం, నా గొప్ప కాదు. మర్నాడు వెళ్ళి చీఫ్‌తో చెప్పాను. ఉద్యోగం పోతుందనుకున్నా. పోలేదు. ఆ చార్టు మాత్రం ఇప్పటికీ కళ్ళలో ఆడుతుంది." ఊరగాయ ముక్క నా వైపు జరిపింది. "చూడకపోతే చూడలేదని రాయి అమ్మాయ్. ఖాళీ వదిలితే, దాన్ని చూసినవాడు జాగ్రత్తపడతాడు. నువ్వు నింపేస్తే వాడు నమ్ముతాడు."

హైదరాబాద్‌లో రిలీజ్ గడువు మీద పడ్డప్పుడు, రన్ చేయని టెస్టులకి నేనెన్నిసార్లు "పాస్" కొట్టానో అప్పుడు గుర్తొచ్చింది. ఆవిడతో చెప్పాను. విని, తల ఊపి, "అన్నం తిను" అంది.

మర్నాడు నా ఫ్రేములన్నీ మళ్ళీ లెక్కపెట్టి, ఇంకా లోతున మిగిలిన గుర్తుల దగ్గరా చూశాం. లోతు వైపు దాదాపు అన్నీ ఒకట్లూ రెండ్లే. అన్నీ కూడితే, ఆ చోటును కాపాడడానికి కావలసినంత దట్టంగా ఆల్చిప్పలు లేవు.

ఊరి మీటింగులో ఆ లెక్క చదవాల్సింది ఆవిడే. హాలు నిండిపోయింది. ఆవిడ ఇస్త్రీ చేసిన నేత చీర కట్టుకుని వచ్చింది. అన్నేళ్ళుగా ఆ గుంపును కనిపెట్టుకుని ఉన్న మనిషి, అది నిలబడదని చెప్పే కాగితాన్ని ఒక్క అంకె మింగకుండా చదివింది. చివర్లో డేల్ లేచాడు. "డాక్, అంటే మేం కట్టుకోవచ్చనేనా?" అన్నాడు. నమ్మలేనట్టుగా ఉంది ఆయన మొహం.

"నేను లెక్క చెప్పాను. ఆ లెక్క ప్రకారం కట్టుకోవచ్చు. నాకు రెండు వారాలివ్వండి, ఉన్నవాటిని ఎగువకి మారుస్తాను" అందావిడ. కూర్చున్నాక పక్కనున్న నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. విడిపించుకోలేదు.

ఆ శనివారం తడి గోనెసంచులు, బకెట్లు మోసుకుని రేవు దగ్గరికి వెళితే, అక్కడ డేల్ నిలబడి ఉన్నాడు. రేవు కావాలని సంతకాలు పెట్టినవాళ్ళని ఇరవై మందిని వెంటేసుకొచ్చాడు. "ఎక్కడ పట్టుకోవాలో చెప్పు డాక్" అన్నాడు. శాస్త్రవేత్త చూస్తుండగా, తొమ్మిది రోజులు ఒక్కొక్క ఆల్చిప్పనూ తీసి, తడి గుడ్డలో చుట్టి, ఎగువన ఇంకో చోట నిలబెట్టి గుచ్చాం. డేల్ భార్య ఒడ్డున కుర్చీలో కూర్చుని ప్రతి దానికీ నంబరు రాసింది. ఎవరూ చెప్పకుండానే నేను మునిగేదాన్ని. సాయంత్రం నన్ను చూసి శ్రీకాంత్, "ఏందే, ఒళ్ళంత గిట్ల బురద? నువ్వేనా?" అని నవ్వాడు.

అన్నీ బతికాయని చెప్పలేను. మరుసటి ఏడాది ఆవిడ వెళ్ళి చూస్తే చాలావరకు ఉన్నాయట, కొన్ని చనిపోయాయట. ఎన్ని చనిపోయాయో కూడా చెబుతూ ఆవిడ ఊరి పత్రికకి ఉత్తరం రాసింది. అప్పటికి మేం కాంట్రాక్ట్ అయిపోయి వర్జీనియా వచ్చేశాం. నాకు వర్క్ పర్మిట్ వచ్చి, మళ్ళీ టెస్టింగ్‌లోనే చేరాను.

చేరిన ఏడాదికి ఒక పెద్ద రిలీజ్ వచ్చింది. శుక్రవారం సాయంత్రానికి అంతా పూర్తికావాలి. ఒక భాగాన్ని పరీక్షించడానికి టైం చాలలేదు. మేనేజర్ మెత్తగానే, "పాతదేగా, పాస్ అని పెట్టేయండి" అన్నాడు. నా వీసా, ఇంటి లోను, అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. ఆ గడిలో "పరీక్షించలేదు" అని రాసి, కింద నా పేరు పెట్టాను. రిలీజ్ సోమవారానికి వాయిదా పడింది. ఆ భాగంలో తప్పేమీ బయటపడలేదు. నన్నెవరూ మెచ్చుకోలేదు, ఇద్దరు ముగ్గురు కొన్నాళ్ళు మొహం తిప్పుకున్నారు.

ఇంటికి వచ్చి డాక్టర్ గారికి ఫోన్ చేశాను. అప్పటికి మంచం దిగడం తగ్గించింది. అంతా విని, "భయమేసిందా?" అంది.

"చాలా వేసింది."

"వెయ్యాలి. తల ముంచేటప్పుడు నాకూ వేసేది." మళ్ళీ తనే అడిగింది. "తప్పేమీ దొరకలేదన్నావు. బాధపడ్డావా, అనవసరంగా ఆపానని?"

లేదనబోయాను. కానీ ఆవిడతో మాట్లాడుతున్నాను కదా. "కొంచెం పడ్డాను" అన్నాను.

"ఊఁ" అందావిడ, తృప్తిగా. "అదీ రాసుకో."

ఆ చలికాలంలోనే ఆవిడ పోయింది. డేల్ ఫోన్ చేసి చెప్పాడు. ఇప్పుడు నా టీంలో ఆరుగురు పనిచేస్తున్నారు. కొత్తగా చేరినవాళ్ళు ఎవరైనా నా దగ్గరికి వచ్చి, తల దించుకుని, "ఇది చూడలేదండీ" అంటే, నేను కుర్చీ లాగి వాళ్ళని కూర్చోబెట్టి, "మంచిది, చెప్పావు. పద, చూద్దాం" అంటాను. అలా అంటున్నప్పుడు నా గొంతు నాది కాదేమో అనిపిస్తుంది.