మామగారి బండి, పెద్దల్లుడి కడుపుమంట

పెద్దల్లుడికి బండ్ల వైరింగు పనిలో ముప్ఫై ఏళ్ళ అనుభవం. కడుపుమంటలో మాత్రం ఐదేళ్ళే. మరదలి మొగుడు అదే వీధిలో, నాలుగు గుమ్మాల అవతల, అదే పనికి షాపు తెరిచిన రోజున మొదలైంది అది. రంగురంగుల బోర్డు, లోపల కంప్యూటరు, కూర్చోవడానికి మెత్తటి కుర్చీలు. వాడి షాపు ముందు రెండు బండ్లు ఆగితే ఈయనకు అన్నం సహించదు. మూడోది ఆగిందా, ఆ పూట భార్యకు తిట్లు తప్పవు. వాడి పెళ్ళానికి అక్క కావడమే ఆవిడ చేసిన నేరం.

అన్నిటికన్నా మంట మామగారి సంగతిలో. ఆయనకు మంచినీళ్ళ క్యాన్లు చేరవేసే పికప్ బండి ఉంది. ఒకప్పుడు హారన్ మోగకపోయినా పెద్దల్లుడి దగ్గరికే తెచ్చేవారు. ఆ షాపు వచ్చాక బండి చిన్నల్లుడి గుమ్మంలోనే ఆగుతోంది. పైగా దారిలో ఈయన కనిపిస్తే నవ్వుతూ చెయ్యి ఊపుతారు. ఆ ఊపుడుకు ఈయన ఒళ్ళు భగ్గుమనేది. "పనిలో పెద్దోడి తర్వాతే ఎవరైనా" అని ఆ నోటితో ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి వింటే చాలనుకునేవాడు.

అలాంటిది, ఆ ఉదయం మామగారు బండిని తెచ్చి సరాసరి ఈయన షాపు ముందే ఆపారు.

"దారిలో ఇంజను ఆగిపోతోందయ్యా. పది నిమిషాలు ఊరుకుంటే మళ్ళీ స్టార్టవుతుంది. చిన్నోడు ఫ్యూజు మార్చాడు, రిలే మార్చాడు, ట్యాంకులో పెట్రోలు పంపు కూడా కొత్తది వేశాడు. అయినా అంతే. నిన్న అరగంట బండి కింద పడుకుని లేచి, 'నావల్ల కాదు మామయ్యా, అన్నయ్య దగ్గరికి తీసుకెళ్ళండి' అనేశాడు."

"వాడే అన్నాడా?"

"వాడే."

పెద్దల్లుడికి ప్రాణం లేచొచ్చింది. మామగారికి కుర్చీ వేసి, టీ తెప్పించి, నలుగురికీ వినపడేలా పాఠం మొదలుపెట్టాడు.

"పంపు ప్లగ్గు ఊడదీసి మీటరు పెడితే పన్నెండు వోల్టులు చూపిస్తుంది మామయ్యా. అంతా బాగుందనుకుని పంపు మార్చేస్తారు. అలా కాదు. పంపు తిరుగుతూ కరెంటు లాగుతున్నప్పుడు చూడాలి."

ప్లగ్గు ఊడదీయకుండానే పంపు తిప్పాడు. మీటరు ఒక కొసను పంపు ఎర్త్ తీగకు, రెండో కొసను బ్యాటరీ మైనస్‌కు ఆనించాడు. అక్కడ సున్నాకు దగ్గరగా ఉండాలి. నాలుగు చూపించింది.

"చూశారా? నాలుగు వోల్టులు దారిలోనే మింగేస్తోంది. ఎర్త్ తీగలో ఉంది రోగం. ఎన్ని పంపులు మారిస్తే ఏం లాభం?"

"అబ్బ! చిన్నోడికి ఇది తట్టలేదే!" అన్నారు మామగారు.

ఆ 'అబ్బ' కోసం ఐదేళ్ళుగా మొహం వాచి ఉన్నాడు. ఈల వేసుకుంటూ బండి కిందికి దూరాడు. ట్యాంకు దగ్గర్నుంచి తీగ వెంట చెయ్యి పోనిచ్చాడు. స్టెప్నీ పైన వేళ్ళకు ఒక అతుకు తగిలింది. తీగ నిండా దుమ్ము, అతుకు మీది టేపు మాత్రం నిగనిగలాడుతోంది. చుట్టి ఒక్కరోజు కూడా అయినట్టు లేదు. విప్పాడు. లోపల తీగలు పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. వాటిపైన తెల్లదారం, నాలుగు చుట్లు.

అతుకు మీద దారం కట్టే అలవాటు ఆ వీధిలో ఒక్కడికే ఉంది. తనకే.

ఎలుక కొరికిన తీగ అది. చిన్నల్లుడు షాపు తెరిచిన రోజునే తను దాన్ని అతికించాడు. "త్వరగా కానీయవయ్యా, చిన్నోడు ఎదురుచూస్తుంటాడు" అని మామగారు నెత్తిన నిలబడితే, ఆ ఉక్రోషంలో సోల్డరింగు పెట్టకుండా తీగలు ఊరికే మెలిపెట్టి, దారం కట్టి, టేపు చుట్టి పంపేశాడు. నిన్న వాడు ఇది విప్పి చూశాడు. ఎవరి అతుకో పోల్చుకున్నాడు. మళ్ళీ మూసేసి, బయటికొచ్చి, నావల్ల కాదన్నాడు.

ఇంకొకరైతే కళ్ళనీళ్ళు పెట్టుకునేవారు. పెద్దల్లుడికి ఒళ్ళు మండింది. బేరాలు వాడివి, మామగారు వాడివైపు. ఇప్పుడు మంచితనం కూడా వాడిదేనా? వాడు జాలిపడి వదిలేసిన గొప్పను తను ఏరుకోవాలా?

బయట మామగారు ఫోనులో అత్తగారితో అంటున్నారు: "ఎన్నయినా చెప్పు, పనిలో పెద్దోడి తర్వాతే ఎవరైనా!"

"మామయ్యా!" బండి కిందనుంచే అరిచాడు. "ఆ మాట అనకండి. ఈ అతుకు నేనేసిందే. బండి ఆగిపోతోంది నా మూలానే. చిన్నోడు నిన్ననే కనిపెట్టాడు. కనిపెట్టి కూడా నోరు మూసుకున్నాడు, వెధవ!"

మామగారి గొంతు, ఇంకా ఫోనులోనే, మెత్తగా వినిపించింది. "విన్నావుటే? మన చిన్నల్లుడి మనసు ఎలాంటిదో!"

పెద్దల్లుడు పళ్ళు నూరుకుంటూ సోల్డరింగు కడ్డీ అందుకున్నాడు. చిలుము పట్టిన తీగను కత్తిరించి, కొత్త ముక్క వేసి, ఈసారి తీరిగ్గా అతికించాడు. రేపు వాడొచ్చి విప్పి చూసినా వంక పెట్టలేనంత గట్టిగా అతికించాడు.