ఏఐతో వాదిస్తూ తిరుపతి దాకా

దూరవిద్యలో బీఏ చదువుతున్న నాకు అర్థశాస్త్రం అసైన్‌మెంటు వెనక్కి వచ్చింది. "ఇది ఏఐ జవాబు. స్వయంగా వచ్చి నోటితో వివరించాలి, లేకుంటే మార్కులు లేవు" అని కింద రాసి ఉంది. ఆ మార్కులు రాకపోతే డిగ్రీ ఇంకో ఏడాది ఆగుతుంది. తప్పు నాదే. పదిహేనేళ్లుగా భాగవత పారాయణలో కూర్చుంటున్నాను. గ్రంథంలో ఒక్క అక్షరమూ మార్చకూడదని అక్కడ నేర్చుకున్నాను. యూనివర్సిటీ మా ఫోన్లలో పెట్టించిన ఏఐ సహాయకుడి జవాబునూ అంతే భక్తిగా, స్నానం చేసి, పైన శ్రీరామ చుట్టి, ఉన్నదున్నట్టు కాగితం మీదికి ఎత్తాను.

ఉదయం ఆరున్నరకు చిత్తూరు బస్టాండులో తిరుపతి ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆధార్ చూపితే ఆడవాళ్లకు సున్నా టికెట్టు ఇస్తారు, కార్డు మరవకండి. గోవిందనామం తలచుకుని ఫోన్లో ఆ ఏఐని స్పీకరు మీద పెట్టి, "జవాబులొద్దు, ప్రశ్నలే అడుగు" అన్నాను.

"సరఫరా పెరిగితే ధర ఎందుకు తగ్గుతుంది? మీ ప్రాంతం నుంచి ఉదాహరణ చెప్పండి" అంది.

పాఠంలోని వాక్యాలు గడగడా అప్పజెప్పాను. "ఉదాహరణ చెప్పలేదు" అంది.

పక్క సీటులోని తలపాగా పెద్దాయన నవ్వాడు. "ఏంమా, చిత్తూరులో పుట్టి మామిడికాయ గుర్తుకు రాలేదా? పోయిన సీజన్లో గుజ్జు ఫ్యాక్టరీ ముందర నా ట్రాక్టరు రెండు దినాలు నిలబడిపాయ. అందరి కాయా ఒకేసారి వచ్చి పడె, ధర పడిపాయ."

అదే ఫోనుకు చెప్పాను. "బాగుంది. ధర పెరిగేదాకా రైతు కాయను దాచుకోవచ్చు కదా?" అంది.

"తోతాపురి కాయ దాని మాట ఇని ఆగతాదా! నాలుగు దినాలకు మెత్తబడి ఈగలు ముసురుతాయి. ఆ ఫోన్ని మా తోటకు రమ్మను, సూపిస్తా" అన్నాడాయన. చుట్టూ నవ్వులు.

గురువు మాటకు ఎదురు చెప్పే అలవాటు నాకు లేదు. అయినా ఫోనుతో, "నువ్వన్నది తప్పు, కోసిన కాయ ఆగదు" అన్నాను.

"నిజమే, అది నేను ఆలోచించలేదు. ఆగని సరుకైతే బేరంలో ఎవరిది పైచేయి?" అంది.

ఎంత హుషారొచ్చిందో! చంద్రగిరి దాటేదాకా ముగ్గురమూ వాదించుకుంటూనే ఉన్నాం.

ఎనిమిదిన్నరకు తిరుపతి. బస్టాండు ఎదుట ఇడ్లీ తిని, ఆటోలో స్టడీ సెంటరుకు వెళ్లాను. పది గంటలకు అసైన్‌మెంటు దిద్దిన మేడం పిలిచారు. నేను ఫ్యాక్టరీ ముందరి ట్రాక్టర్ల వరుసతో మొదలుపెట్టాను. ఆవిడ మధ్యలో ఆపి, "కోల్డ్ స్టోరేజీ ఉంటే?" అన్నారు.

ఇది ఫోనూ అడగలేదు, పెద్దాయనా అడగలేదు. ట్రాక్టర్ల వరుసనే మళ్లీ తలచుకుని చెప్పాను. "ఉంటే మంచిదే మేడం. అయితే అందరి కాయా ఒకేసారి వస్తాది గదా, ఆడా చోటు చాలదు. చోటు దొరికినోడిదే ధర."

మేడం నా అసైన్‌మెంటు ముందుకు లాక్కున్నారు. "ఇదీ, రాయాల్సింది ఇదీ!" అని ఎర్ర పెన్నుతో మార్కులు వేశారు.

తిరుచానూరులో అమ్మవారి దర్శనం రెండు గంటల్లో అయింది. మూడున్నరకు తిరుగు బస్సు. దూరంగా ఉండి చదివే అక్కచెల్లెళ్లకు నేను చెప్పేది ఒకటే: తల వంచడం అమ్మవారి దగ్గర, ఏఐ దగ్గర తలెత్తి కూర్చోండి. పూతలపట్టు దగ్గర తర్వాతి పాఠం తెరిచాను. ఫోను మొదటి వాక్యం చెప్పిందో లేదో, "ఆగాగు, ఎందుకని?" అన్నాను.