పిల్లలు రాకముందు బుదైయా దారిలో

మా లేబర్ క్యాంపులో దయ్యం కథ చెప్పనివాడంటూ ఉండడు. బాత్రూము దగ్గర ఎవరో దగ్గారని ఒకడు, పై మంచం మీద ఎవరో కూర్చున్నారని ఇంకొకడు. అందరికంటే గట్టిగా నవ్వేవాణ్ని నేనే. నిద్ర చాలకపోతే గోడ కూడా మాట్లాడుతుంది, పోయి పడుకోండి అనేవాణ్ని. దయ్యాలను ఇప్పటికీ నమ్మను. నాకు జరిగినదాంట్లో దయ్యం లేదు కూడా. అందుకే దాన్ని ఏ లెక్కలో వేయాలో తెలియడం లేదు.

మాది జగిత్యాల వైపు ఒక ఊరు. ఇక్కడ బహ్రెయిన్‌లో, సిత్రాలోని ఒక కాంట్రాక్టు కంపెనీలో స్టోర్‌కీపర్‌ని. నా భార్య సుజాత, కొడుకు వంశీ, కూతురు అక్షర ఊళ్లో ఉంటారు. అక్షర పుట్టినప్పుడు నేను ఇక్కడే ఉన్నాను. ఆమెకు మూడేళ్లు నిండాక సెలవు మీద వెళ్తే, నన్ను చూసి తలుపు చాటుకు పోయింది. సెలవంతా అంతే. చాక్లెట్ తీసుకుంటుంది, మనిషి దగ్గరికి రాదు. ఒకరోజు నేను అన్నం తింటుంటే వాళ్లమ్మను అడిగింది.

"గాయన ఎప్పుడు పోతడు?"

పిల్ల మాటకు అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. చేతిలో ముద్ద మాత్రం కంచంలోనే పెట్టేశాను. తిరిగొచ్చాక ఫోన్ చేస్తే వంశీ గలగలా మాట్లాడేవాడు, అక్షర ఫోన్ చూసి పారిపోయేది. ఇట్లాగే పెరిగితే ఆమెకు నేను ఎప్పటికీ సామాన్లు తెచ్చే ఎవరో ఒకాయననే.

అందుకే విజిట్ వీసా మీద వాళ్లను రెండు వారాలు ఇక్కడికి రప్పించాలనుకున్నాను. మా ఆఫీసులో పనిచేసే ప్రసాద్ గారు కుటుంబంతో సెలవుకు వెళ్తూ, హమద్ టౌన్‌లోని తమ ఇంటి తాళం నాకిస్తానన్నారు. ఇక నాకు అదే ధ్యాస. మనామాలో బజారు, గుడి, సముద్రం ఒడ్డు. తర్వాత బుదైయా వైపు తోటలు. పొలాలు చూపెట్టనీకి దుబాయికి రమ్మంటున్నవా అని సుజాత ఫోన్లో నవ్వింది. మా ఊళ్లో ఏ గల్ఫ్ దేశమైనా దుబాయే. ఆమె అన్నది నిజమే. కానీ మాల్‌కు తీసుకుపోతే పిల్ల బొమ్మలను చూస్తుంది, నన్ను చూడదు. తోటలో గట్టు మీద నడవాలంటే ఎవరిదో ఒకరి చెయ్యి పట్టుకోవాలి కదా. అదీ నా ఉపాయం.

వాళ్లు రాకముందు ఒక శుక్రవారం నేనొక్కణ్నే బయలుదేరాను. చిన్నపిల్లలతో ఆ దారి కుదురుతుందో లేదో చూద్దామని. ఎవరికీ చెప్పలేదు, చెబితే క్యాంపంతా నవ్వుతుంది. హమద్ టౌన్ దాకా వెళ్లి, అక్కడి నుంచి బుదైయాకు దారి వెతుక్కున్నాను. బస్సు ఎక్కడ మారాలి, నీడ ఎక్కడ దొరుకుతుంది, టాయిలెట్ ఎక్కడుంది, అన్నీ చూసుకున్నాను. రెండో బస్సులో సీటు లేదు. ఒక మలయాళీ ఆవిడ నా వైపు చూసి, లేచి తన సీటు ఇచ్చింది. నాకింకా నలభై రాలేదు. అప్పుడే అంత ముసలివాణ్నయ్యానా అని మనసు చివుక్కుమంది. అయినా కూర్చున్నాను.

బస్సు దిగాక తోటదాకా మట్టిదారి. నాలుగేళ్ల పిల్ల నడవగలదో లేదో తెలియాలి గనుక చిన్న చిన్న అడుగులు వేస్తూ, అక్కడక్కడా ఆగుతూ నడిచాను. ఎవరైనా చూస్తే పిచ్చి లేచిందనుకునేవాళ్లే. నడుస్తున్నంతసేపూ మనసులో అక్షరతో మాట్లాడుతున్నాను. అదిగో ఖర్జూరం చెట్టు, ఇదిగో మెంతికూర మడి అని. సగం దూరం పోయేసరికి దుఃఖం పొంగుకొచ్చింది. నిలబడి ఏడ్చాను. దారిలో ఎవరూ లేరు, అదొక్కటే నయం.

తోటలో పనిచేసే పోశన్న కాకది నిర్మల్ వైపు. అంతకుముందు ఒకటి రెండుసార్లు కలిశాను, అంతే పరిచయం. ఆ రోజు మడులకు నీళ్లు కడుతున్నాడు. దూరం నుంచే నన్ను చూసి కేకేశాడు.

"పిల్లను కిందికి దించకు తమ్మీ, కాల్వ పొంటి పాకురున్నది."

వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ లేరు. ఏ పిల్ల కాకా అన్నాను. ఆయన దగ్గరికొచ్చి నా ఎడమ పక్కకు చూశాడు, తర్వాత దారి వైపు చూశాడు.

"ఇప్పుడే నీ సంకల ఉండె గద," అన్నాడు.

ఎండ కళ్లల్లో పడి అట్లా అనిపించిందేమోనని తర్వాత ఆయనే సర్దుకున్నాడు. నాకు కూతురుందని ఆయనకు నేనెప్పుడూ చెప్పలేదు.

ఆ సాయంత్రం నా ఎడమ చెయ్యి భుజం నుంచి మోచేతిదాకా ఒకటే గుంజింది. నా డ్యూటీలో మోసేది కాగితాలే. అప్పుడు బస్సులో సీటిచ్చిన ఆవిడ గుర్తొచ్చింది. ఆమె లేచింది నన్ను చూసి కాదేమో అనిపించింది. నాకు నేనే చెప్పుకున్నాను, పోయి పడుకో అని.

వాళ్లు వచ్చారు. ఎయిర్‌పోర్టులో అక్షర, వాళ్లమ్మ వెనక దాక్కుంది. మనామా అంతా తిప్పాను. వంశీ నా చెయ్యి వదలలేదు, ఆమె ముట్టలేదు. సముద్రం దగ్గర ఎత్తుకోబోతే కట్టెలా బిగుసుకుపోయింది, వెంటనే దించేశాను. జెర ఓపిక వట్టు, పిల్ల గదా అని సుజాత ఓదార్చింది. ఓపికకేం, కావలసినంత ఉంది. రోజులే లేవు.

బుదైయాకు వెళ్లిన రోజు అదే మట్టిదారిలో నడిచాం. వంశీ ముందు పరుగెడుతున్నాడు. నా ఉపాయం మీద నాకే నమ్మకం పోయి అందరికంటే వెనక నడుస్తున్నాను. తోట ఇంకా రాలేదు. పోశన్న కాక కనిపించలేదు. అక్షర, వాళ్లమ్మ చెయ్యి వదిలి, నేను దగ్గరికొచ్చేదాకా ఆగింది. రెండు చేతులూ పైకెత్తింది.

"బాపూ, కాళ్లు గుంజుతున్నయ్. మొన్నటి లెక్కనే ఎత్తుకో."

మొన్న ఎప్పుడు ఎత్తుకున్నడే అని సుజాత అడిగింది. పిల్ల పట్టించుకోలేదు. నా ఎడమ సంకన కుదురుగా కూర్చుని, మెడ చుట్టూ చేతులు వేసి, నా చెవిలో చిన్నగా చెప్పింది.

"ఇయ్యాల ఏడువకు."

నేను ఆమెను ఏమీ అడగలేదు. అడిగితే గుర్తులేదంటుందేమోనని భయం. ఊరి నుంచి వచ్చేముందు కలగన్నదేమో, పిల్లలు కలకూ నిజానికీ తేడా ఎరగరు అని సర్దిచెప్పుకోబోయాను. మరి నేను ఏడ్చిన సంగతి? అది నాకూ ఆ దారికీ తప్ప ఎవరికీ తెలియదు. ఎన్ని రకాలుగా ఆలోచించినా నాకు అంతు చిక్కలేదు, ఇప్పటికీ చిక్కడం లేదు. మళ్లీ ఒక్కసారి జరిగితే బాగుండునని మాత్రం ఉంది.

వాళ్లు వెళ్లాక చాలా శుక్రవారాలు బుదైయా పోయాను. అదే బస్సు, అవే చిన్న అడుగులు. బస్సులో నాకోసం ఎవరూ లేవరు. పోశన్న కాక దూరం నుంచే చెయ్యి ఊపి, ఒక్కనివే వచ్చినవా తమ్మీ అంటాడు.

ఒక్కణ్నే కాకా అంటాను.